సంగీత నిర్మాణ సాఫ్ట్‌వేర్‌లో మిడి

ఎలక్ట్రానిక్ వాద్యాలు, కంప్యూటర్లు సంగీత సమాచారాన్ని ఒకదానికొకటి పంపుకోవడానికి 1983లో స్థిరపడిన ప్రమాణం మిడి. పూర్తి పేరు మ్యూజికల్ ఇన్‌స్ట్రుమెంట్ డిజిటల్ ఇంటర్‌ఫేస్. సినిమా పాటలు, నేపథ్య సంగీతం, ప్రకటనలు, భక్తి గీతాల ఆల్బమ్‌లు, జానపద వీడియో పాటలు తయారయ్యే సాఫ్ట్‌వేర్‌ను డిజిటల్ ఆడియో వర్క్‌స్టేషన్ అంటారు. క్యూబేస్, లాజిక్ ప్రో, ఎఫ్‌ఎల్ స్టూడియో, ఏబుల్టన్ లైవ్, ప్రో టూల్స్, రీపర్ వంటి వాటన్నిటిలోనూ మిడిని నమోదు చేసే, దిద్దే, వాద్యాలకు పంపే ఏర్పాట్లు ఉంటాయి. ధ్వనిని రికార్డు చేసే నాణ్యతలో ఈ సాఫ్ట్‌వేర్‌ల మధ్య ఇప్పుడు చెప్పుకోదగ్గ తేడా లేదు. ఏది ఎవరి చేతికి కుదురుతుందన్నది చాలా మటుకు వాటి మిడి సౌకర్యాలను బట్టే తేలుతుంది.

మిడిలో ధ్వని ఉండదు. మైకు ముందు వేణువు ఊదితే సాఫ్ట్‌వేర్ గాలి కంపనాలను నమోదు చేస్తుంది. మిడి కీబోర్డ్ మీద వాయిస్తే నమోదయ్యేది వేళ్లు చేసిన పని: ఏ మెట్టు నొక్కారు, ఎప్పుడు నొక్కారు, ఎంత జోరుగా నొక్కారు, ఎప్పుడు వదిలారు. ఆ సమాచారాన్ని అందుకున్న వాద్యం, అది నిజమైన సింథసైజర్ కావచ్చు, కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ వాద్యం కావచ్చు, దాన్ని చదివి ధ్వని పుట్టిస్తుంది. సీడీ నాణ్యతలో మూడు నిమిషాల స్టీరియో రికార్డింగ్ సుమారు 32 మెగాబైట్లు. అదే పాట మిడి ఫైలుగా సాధారణంగా కొన్ని పదుల కిలోబైట్లకు మించదు. చిన్న ఫైలు కావడం ఒకప్పుడు పెద్ద ఆకర్షణే కానీ, అసలు లాభం అది కాదు. ధ్వనిగా మారకముందు సంగీతం ఇంకా మార్చుకోదగ్గ స్థితిలో ఉంటుంది. వాద్యం మార్చవచ్చు, శ్రుతి మార్చవచ్చు, కాలప్రమాణం మార్చవచ్చు, ఒక్క స్వరాన్ని మాత్రం పట్టుకుని సరిచేయవచ్చు.

పుట్టుక

1970ల చివర సింథసైజర్ కంపెనీలు దేనికది సొంత పద్ధతిలో వాద్యాలను కలిపేవి. ఒక కంపెనీ వాద్యం మరో కంపెనీ వాద్యం మాట వినేది కాదు. వేదిక మీద నాలుగు కీబోర్డులు పేర్చుకున్న కళాకారుడు నాలుగింటినీ తన రెండు చేతులతోనే నెట్టుకురావాలి. జపాన్‌లో రోలాండ్ కంపెనీ స్థాపకుడు ఇకుతారో కకెహాషి 1981లో ఈ చిక్కును అమెరికా తయారీదారుల దగ్గర ప్రస్తావించాడు. కాలిఫోర్నియాలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ నడిపిన డేవ్ స్మిత్, తన సహోద్యోగి చెట్ వుడ్‌తో కలిసి, అదే ఏడాది ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ సమావేశంలో అందరికీ పనికొచ్చే ఒక పద్ధతిని ప్రతిపాదించాడు. యమహా, కోర్గ్, కవాయ్ కంపెనీలు చర్చల్లో చేరాయి.

1983 జనవరిలో అమెరికాలో జరిగిన నామ్ వాద్యాల ప్రదర్శనలో సీక్వెన్షియల్ వారి ప్రోఫెట్-600ను, రోలాండ్ వారి జూపిటర్-6ను తీగతో కలిపి చూపించారు. ఒకదాని మీద వాయిస్తే రెండోదీ పలికింది. ఆ ఆగస్టులో మిడి 1.0 నిర్దేశ పత్రం వెలువడింది. లైసెన్సు రుసుము పెట్టకుండా దాన్ని అందరికీ వదిలేయడం ఈ చరిత్రలో అన్నిటికన్నా మెచ్చుకోవలసిన నిర్ణయం. చిన్న కంపెనీలు కూడా వెంటనే వాడుకోగలిగాయి, పోటీ ప్రమాణాలకు చోటు మిగల్లేదు. కకెహాషి, స్మిత్ ఇద్దరికీ 2013లో టెక్నికల్ గ్రామీ పురస్కారం దక్కింది. కకెహాషి 2017లో, స్మిత్ 2022లో కన్నుమూశారు.

ఒక సందేశం లోపల

మూల ప్రమాణంలో మిడి సమాచారం సెకనుకు 31,250 బిట్ల వేగంతో ప్రయాణిస్తుంది. మెట్టు నొక్కినప్పుడు వెళ్లే ‘నోట్ ఆన్’ సందేశంలో మూడు బైట్లు ఉంటాయి. మొదటిది ఇది ఏ రకం సందేశమో, 16 ఛానెళ్లలో దేనికి చెందుతుందో చెబుతుంది. రెండోది మెట్టు సంఖ్య. మూడోది వెలాసిటీ, అంటే మెట్టు ఎంత వేగంగా కిందికి దిగిందన్నది. సంఖ్యలన్నీ 0 నుంచి 127 వరకే. పియానో నడిమి సి మెట్టు 60. మూడు బైట్లూ తీగ దాటడానికి ఒక మిల్లీసెకను కన్నా కాస్త తక్కువ పడుతుంది. వదిలినప్పుడు ‘నోట్ ఆఫ్’ వెళ్తుంది. దారిలో అది తప్పిపోతే స్వరం ఆగకుండా మోగుతూనే ఉంటుంది. అందుకే చాలా సాఫ్ట్‌వేర్‌లలో ‘ప్యానిక్’ అనే మీట ఒకటి ఉంచుతారు. అది అన్ని స్వరాలనూ ఆపమని 123వ కంట్రోలర్ ద్వారా ఆదేశం పంపుతుంది.

స్వరాలతో పాటు వాటి తీరును మలిచే, కంట్రోలర్లు అనే సందేశాలూ వెళ్తాయి. 1 మాడ్యులేషన్ చక్రం, 7 వాల్యూమ్, 10 ఎడమ కుడి స్థానం, 11 ఎక్స్‌ప్రెషన్, 64 సస్టెయిన్ పెడల్. వెలాసిటీకి, ఎక్స్‌ప్రెషన్‌కు ఉన్న తేడా పట్టుబడితే ప్రోగ్రామింగ్‌లో సగం విద్య వచ్చినట్టే. పియానో, మృదంగం, వీణ వంటి వాటిలో దెబ్బ పడ్డ క్షణంలోనే బలం నిర్ణయమైపోతుంది, కాబట్టి వెలాసిటీ సరిపోతుంది. వయొలిన్, వేణువు, నాదస్వరం అలా కాదు. స్వరం మొదలయ్యాక కూడా విల్లు, ఊపిరి దాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉంటాయి. కొత్తగా నేర్చుకునేవారి తీగవాద్యాల ట్రాకులు బొమ్మ వాద్యాల్లా వినిపించడానికి ప్రధాన కారణం 11వ కంట్రోలర్‌ను ముట్టుకోకపోవడమే. స్వరాలు సరిగ్గానే ఉంటాయి, ఊపిరి ఉండదు.

1988లో వచ్చిన స్టాండర్డ్ మిడి ఫైలు ఈ సందేశాలను కాలక్రమంతో సహా భద్రపరిచే పద్ధతిని ఏకీకరించింది. 1991లో జనరల్ మిడి 128 వాద్యాలకు స్థిరమైన సంఖ్యలు ఇచ్చింది. 105 సితార్, 112 షెహనాయ్. వీణకు, నాదస్వరానికి ఆ పట్టికలో చోటు దొరకలేదు. తాళవాద్యాలకు 10వ ఛానెల్‌ను కేటాయించారు.

సీక్వెన్సర్ నుంచి వర్క్‌స్టేషన్ దాకా

కంప్యూటర్ మీద మిడి వాడకాన్ని సామాన్య సంగీతకారుల ఇంటికి తెచ్చిన యంత్రాల్లో 1985లో వచ్చిన అటారీ ఎస్‌టీ ముఖ్యమైనది. దాని వెనక మిడి రంధ్రాలు తయారీలోనే అమర్చి ఉండేవి. జర్మనీకి చెందిన స్టెయిన్‌బర్గ్ 1989లో క్యూబేస్‌ను మొదట దాని కోసమే విడుదల చేసింది. ట్రాకులు ఒకదాని కింద ఒకటి, కాలం ఎడమ నుంచి కుడికి, సంగీతపు ముక్కలు రంగు పట్టీలుగా కనిపించే ఆ తెర అమరికే నేటికీ చాలా సాఫ్ట్‌వేర్‌లకు ఆధారం. మరో జర్మన్ బృందం నొటేటర్ అనే ప్రోగ్రామ్ చేసింది. దాని వారసురాలే ఎమాజిక్ కంపెనీ చేసిన లాజిక్. ఆ కంపెనీని 2002లో యాపిల్ కొనుక్కుంది.

అప్పటి కంప్యూటర్లకు ధ్వనిని మోసే శక్తి లేదు. అవి బయట ఉన్న సింథసైజర్లకు ఆదేశాలు మాత్రం పంపేవి. 1990లో ఓప్‌కోడ్ కంపెనీ స్టూడియో విజన్‌లో మిడి, ఆడియో రెండూ ఒకే తెర మీదకు వచ్చాయి. స్టెయిన్‌బర్గ్ 1996లో, సాఫ్ట్‌వేర్‌లో అదనపు భాగాలను అమర్చుకోనిచ్చే వీఎస్‌టీ పద్ధతిని, 1999లో దాని రెండో రూపాన్ని తెచ్చాక వాద్యాలే సాఫ్ట్‌వేర్‌లుగా మారి కంప్యూటర్‌లోపలికి చేరాయి. గదినిండా కీబోర్డులూ తీగలూ ఉండే అవసరం అక్కడితో తీరిపోయింది.

వచ్చిన దారిని బట్టి ఒక్కో సాఫ్ట్‌వేర్ స్వభావం ఒక్కోలా ఉంటుంది. క్యూబేస్, లాజిక్ మిడి సీక్వెన్సర్లుగా, అంటే మిడిని నమోదు చేసి మళ్లీ వాయించే సాధనాలుగా పుట్టి తర్వాత ఆడియో నేర్చుకున్నాయి. ప్రో టూల్స్ టేపు రికార్డర్‌కు బదులుగా పుట్టింది. పూర్తి స్థాయి మిడి ఎడిటర్, స్వరలిపి తెర దానిలో 8వ వెర్షన్‌తో గానీ కుదురుకోలేదు. 2001లో ఆడియో లూపుల సాధనంగా వచ్చిన ఏబుల్టన్ లైవ్‌లోకి మిడి 2004లో ప్రవేశించింది. పాట కట్టేచోట క్యూబేస్ లేదా లాజిక్, గొంతు రికార్డు చేసి మిక్స్ చేసేచోట ప్రో టూల్స్ కనిపించడానికి ఈ వంశచరిత్ర ఒక కారణం.

పియానో రోల్ ముందు

మిడి దిద్దుబాటు ఎక్కువగా జరిగే తెరను పియానో రోల్ అంటారు. కాగితపు చుట్టకు రంధ్రాలు పొడిచి వాటిని బట్టి తనంతట తాను మోగే పాతకాలపు పియానో నుంచి ఆ పేరు వచ్చింది. ఎడమన నిలువుగా మెట్లు, కుడివైపు కాలపు గీతలు, మధ్యలో స్వరాలు అడ్డపట్టీలుగా ఉంటాయి. పట్టీ పొడవు స్వరం నిలిచిన కాలం. కింద వెలాసిటీ, కంట్రోలర్ల వరుసలు. చాలా సాఫ్ట్‌వేర్‌లు ఒక మాత్రను 480 లేదా 960 భాగాలుగా విడగొడతాయి. నిమిషానికి 120 మాత్రల వేగంలో 960వ భాగం అంటే అర మిల్లీసెకను.

అన్నిటికన్నా ఎక్కువ వాడేది, ఎక్కువ దుర్వినియోగమయ్యేది క్వాంటైజ్. అటూ ఇటూ తప్పిన స్వరాలను దగ్గర్లోని కాలపు గీత మీదకు జరపడమే దాని పని. మీట నొక్కగానే అంతా వరసలో నిలబడుతుంది, వాయించినవాడి చెయ్యి మాయమవుతుంది. మంచి సాఫ్ట్‌వేర్‌లో క్వాంటైజ్‌కు శాతం ఉంటుంది. 30 మిల్లీసెకన్లు ఆలస్యమైన స్వరాన్ని 60 శాతం క్వాంటైజ్ చేస్తే 12 మిల్లీసెకన్ల ఆలస్యం మిగులుతుంది. వినేవారికి అది తప్పుగా తోచదు, చేత్తో వాయించినట్టే ఉంటుంది. ఇంకో మార్గం గ్రూవ్: నిజమైన వాద్యకారుడి రికార్డింగ్ నుంచి మాత్రల మధ్య ఎడాన్ని, బలాబలాలను తీసుకుని మిడి ట్రాకుకు అద్దడం. ఏబుల్టన్, లాజిక్, క్యూబేస్ మూడింటిలోనూ ఈ వీలు ఉంది. మన దగ్గర డప్పు, డోలక్ నడకలను ప్రోగ్రామ్ చేసేవారు వాడుకోవలసిన సాధనం ఇదే. పదహారో వంతు గీతల మీద గుడ్డిగా పేర్చిన దెబ్బలతో తీనుమార్ దరువు రాదు.

డప్పు దగ్గర ఇంకో చిక్కు ఉంది. వాయించేవారు రెండు చేతుల్లో రెండు రకాల పుల్లలు పడతారు, ఒకటి సన్నది, ఒకటి మందమైనది. రెండింటి నాదం వేరు. ప్రోగ్రామర్ ఒకే మెట్టు మీద అన్ని దెబ్బలూ పెడితే ఒకే శబ్దం గడగడా తిరిగి తిరిగి వినిపిస్తుంది. ఒక్కో పుల్లకు వేరు మెట్టు, ఒక్కో దెబ్బకు రెండు మూడు రికార్డింగ్‌లు వంతులవారీగా పలికే ఏర్పాటు, వెలాసిటీని బట్టి మారే శాంపిళ్లు ఉంటేనే చెవి దాన్ని డప్పుగా ఒప్పుకుంటుంది. వంతులవారీ పద్ధతిని రౌండ్ రాబిన్ అంటారు.

తాళం విషయంలో సాఫ్ట్‌వేర్‌లు పాశ్చాత్య కొలతలతో మొదలైనా మనకు అడ్డు రావు. మిశ్రచాపును ఏడు మాత్రల బార్‌గా, 3, 2, 2 గా విడగొట్టి పెట్టుకోవచ్చు, ఖండచాపును అయిదుగా. చతురశ్ర నడకలో సాగే పాటలో ఒక చరణం తిశ్రానికి మారితే గీతలను మూడేసిగా మార్చుకుంటే చాలు. ఇబ్బంది పల్లవికీ చరణానికీ మధ్య కాలప్రమాణం సహజంగా సాగినప్పుడు వస్తుంది. దానికి, వేగాన్ని చోటుచోటుకూ మార్చుకోనిచ్చే టెంపో ట్రాక్ ఉంది. ముందు క్లిక్ (వేగం చూపే టిక్కు శబ్దం) లేకుండా స్వేచ్ఛగా వాయించి, ఆ వాయింపు వెంట బార్ గీతలను నడిపించడం కూడా కుదురుతుంది. కచేరీ పద్ధతిలో పెరిగిన వాద్యకారుడిని క్లిక్‌కు కట్టేయడం కన్నా ఇది నూరుపాళ్లు మేలు.

చిన్నదే అయినా చెప్పుకోవలసిన మరో సౌకర్యం వెనక్కి వెళ్లి పట్టుకునే రికార్డింగ్. రికార్డ్ మీట నొక్కకపోయినా సాఫ్ట్‌వేర్ వచ్చిన మిడిని గుర్తుంచుకుంటుంది. బాణీ వెతుక్కుంటూ ఊరికే వాయిస్తున్నప్పుడు తట్టిన వరస బాగుంటే ఆ తర్వాత మీట నొక్కి తెప్పించుకోవచ్చు. మిడి సమాచారం అంత తేలిక కాబట్టే ఎప్పుడూ వింటూ ఉండటం దానికి భారం కాదు.

శ్రుతి మార్చేటప్పుడు

తెలుగు స్టూడియోల్లో మిడి విలువ అందరికీ కళ్లకు కట్టే సందర్భం గాయకులు వచ్చిన రోజు. ఐదున్నర శ్రుతిలో కట్టిన పాటలో పై షడ్జం దాటి వెళ్లేచోట గాయనికి గొంతు బిగుస్తుంది. ‘ఐదుకు దించండి’ అంటారు. అంతా ఆడియోగా ఉంటే ధ్వనిని సాగదీసి కిందికి దించాలి. కొద్దిగా దించినా వాద్యాల నాదం మసకబారుతుంది. మిడి ట్రాకులైతే అన్నిటినీ ఎంచుకుని ఒక అర్ధస్వరం తగ్గిస్తే సరిపోతుంది. వాద్యాలు ఆ శ్రుతిలోనే మొదటి నుంచి వాయించినట్టు పలుకుతాయి.

ఇక్కడే కొత్తవారు బోల్తా పడతారు. తాళవాద్యాల ట్రాకులో మెట్టు సంఖ్య స్వరాన్ని సూచించదు, వాద్యాన్ని సూచిస్తుంది. జనరల్ మిడి పట్టికలో 38 స్నేర్, 42 మూసిన హైహ్యాట్. వాటినీ కలిపి ఒకటి తగ్గిస్తే 38 కాస్తా 37 అయి స్నేర్ బదులు అంచు మీద పుల్ల దెబ్బ వినిపిస్తుంది, 42 కాస్తా 41 అయి హైహ్యాట్ పడాల్సినచోట పెద్ద టామ్ మోగుతుంది. తీగవాద్యాల లైబ్రరీల్లో ఇంకో ఉచ్చు ఉంది. అట్టడుగు మెట్లను వాయింపు పద్ధతి మార్చే స్విచ్‌లుగా కేటాయిస్తారు. అవీ ఒక మెట్టు కిందికి జరిగితే సాగే విల్లు బదులు తునకలు తునకలుగా వాయిస్తుంది, లేదా ఏమీ మారదు. లాజిక్‌లో తాళవాద్యాల ట్రాకుకు ‘నో ట్రాన్స్‌పోజ్’ అని గుర్తు పెట్టుకోవచ్చు. క్యూబేస్‌లో 2009 నుంచి ఉన్న ఎక్స్‌ప్రెషన్ మ్యాప్‌లు, లాజిక్‌లోని ఆర్టిక్యులేషన్ సెట్లు వాయింపు పద్ధతిని మెట్ల నుంచి విడదీసి స్వరానికే గుర్తుగా తగిలిస్తాయి. సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు ఇలాంటి సంగతులను ముందు చూసుకోవాలి. ఉచితంగా వచ్చే శబ్దాల మూట ఎంత పెద్దదన్నది తర్వాతి మాట.

గమకం

మిడి కీబోర్డ్ వాద్యకారుల చేతుల్లో, పన్నెండు సమభాగాల స్థాయిలో పుట్టింది. స్వరం అంటే ఒక మెట్టు, నొక్కితే మొదలు, వదిలితే ముగింపు. మన సంగీతంలో స్వరానికి అలాంటి గడి లేదు. తోడిలో గాంధారం ఒకచోట నిలబడదు. కింద రిషభం వైపు నుంచి పైన మధ్యమం వైపు ఊగుతూనే తన రూపం చూపిస్తుంది. ఆ ఊపు తీసేసి నిలువుగా పట్టుకుంటే అక్కడ తోడి ఉండదు. మెట్ల వాద్యం మీద ఈ అభ్యంతరం పాతదే. ఆల్ ఇండియా రేడియో 1940లో హార్మోనియంను నిషేధించి 1971లో గానీ సడలించకపోవడానికి గమకాలు పలకకపోవడం ఒక ప్రధాన కారణం.

మిడిలో దీనికి ఇచ్చిన జవాబు, మోగుతున్న స్వరాన్ని పైకీ కిందికీ వంచే పిచ్ బెండ్. మిగతా సంఖ్యలు 128 మెట్లకే పరిమితమైతే దీనికి 16,384 మెట్లు ఉన్నాయి. మామూలుగా ఉండే రెండేసి అర్ధస్వరాల పరిధిలో ఒక్కో మెట్టు ఒక అర్ధస్వరంలో నాలుగు వేల వంతు. సూక్ష్మతకు లోటు లేదు. కర్ణాటక సంగీతాన్ని కీబోర్డ్ మీద కచేరీ స్థాయిలో వాయించే విద్వాంసులు ఎడమ చేతిని పూర్తిగా పిచ్ బెండ్ చక్రానికే ఇచ్చేసి చూపించిన ఫలితాలు వినదగ్గవి.

లోటు ఇంకోచోట ఉంది. పిచ్ బెండ్ ఛానెల్ మొత్తానికి వర్తిస్తుంది. అదే ఛానెల్‌లో కింద షడ్జం మోగుతుంటే గాంధారంతో పాటు అదీ ఊగిపోతుంది. పైగా చాలా సాఫ్ట్‌వేర్‌లలో బెండ్ గీత స్వరం కింద విడి వరుసలో ఉంటుంది. స్వరాన్ని ఒక మాత్ర ముందుకు జరిపితే గీత పాతచోటే మిగిలిపోవచ్చు. అప్పుడు గమకం లేని గాంధారం ఒకచోట, స్వరం లేని గమకం ఇంకోచోట. శ్రద్ధగా గీసుకున్న ఒక సంగతిని చరణంలో మళ్లీ వాడుకోవాలంటే గంటల పని.

దీనికి పరిష్కారంగా వచ్చింది ఎంపీఈ (మిడి పాలీఫోనిక్ ఎక్స్‌ప్రెషన్), 2018లో అధికారికంగా ఆమోదం పొందింది. ఆలోచన సరళమైనది: మోగుతున్న ప్రతి స్వరానికీ విడి ఛానెల్ ఇస్తే ప్రతి స్వరాన్నీ విడిగా వంచవచ్చు. హాకెన్ కంటిన్యుయమ్, రోలీ సీబోర్డ్, లిన్‌స్ట్రుమెంట్ వంటి వాద్యాల మీద వేలు పక్కకు జరిపితే శ్రుతి జారుతుంది, ముందుకు జరిపితే నాదం మారుతుంది, నొక్కితే బలం పెరుగుతుంది. ఎ.ఆర్. రెహమాన్ కంటిన్యుయమ్‌ను వేదిక మీదా పాటల్లోనూ వాడాడు. ‘ఢిల్లీ-6’ చిత్రంలోని ‘రెహ్‌నా తూ’ పాట చివర వినిపించేది అదే. క్యూబేస్ 2011లోనే నోట్ ఎక్స్‌ప్రెషన్ పేరుతో స్వరానికి దాని వంపులను అతికించే పద్ధతి తెచ్చింది. బిట్‌విగ్ అనే మరో వర్క్‌స్టేషన్ 2014లో మొదటి వెర్షన్ నుంచే స్వరానికి విడి వంపులు గీసుకోనిచ్చింది. ఏబుల్టన్ లైవ్‌లోకి ఎంపీఈ 2021లో 11వ వెర్షన్‌తో చేరింది. వీటిలో స్వరాన్ని జరిపితే గమకం వెంట వస్తుంది, నకలు తీస్తే నకలుతో వస్తుంది. భారతీయ సంగీతం చేసేవారు సాఫ్ట్‌వేర్ కొనేముందు పరీక్షించవలసిన మొదటి సంగతి ఇదేనని ఈ రచయిత అభిప్రాయం. ఒక స్వరం మీద వంపు గీసి, దాన్ని పక్క బార్‌లోకి లాగి, మరో మెట్టు మీద పెట్టి చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

స్వరస్థానాలను సమభాగాల నుంచి తప్పించి పెట్టుకోవడం వేరే సమస్య. అందుకు 1992లో మిడి ట్యూనింగ్ ప్రమాణం వచ్చింది. లాజిక్‌లో ప్రాజెక్టు స్థాయిలో, క్యూబేస్‌లో మైక్రో ట్యూనర్ ద్వారా ప్రతి స్వరాన్నీ కొద్దిగా ఎక్కువ తక్కువ చేయవచ్చు. తంబురాతో పాటు సాగే కీబోర్డ్ లేయర్‌లో అంతర గాంధారాన్ని సుమారు 14 సెంట్లు తగ్గించి పెడితే ఎంత శాంతంగా కలిసిపోతుందో విన్నవారు మళ్లీ సమభాగాలకు వెళ్లడం కష్టం. సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు. కొన్ని సాఫ్ట్‌వేర్ వాద్యాలు ఈ సవరణలను అసలు పట్టించుకోవు కాబట్టి వాద్యం వాద్యంగా వినిచూసుకోవాలి.

ఆలస్యం, జత కలపడం, మీటలు

మెట్టు నొక్కినప్పటి నుంచి శబ్దం చెవిన పడేదాకా పట్టే ఆలస్యం మిడి వల్ల తక్కువ, ధ్వనిని పంపేముందు కంప్యూటర్ దాన్ని కాస్త కూడబెట్టే ఆడియో బఫర్ వల్ల ఎక్కువ. 48 కిలోహెర్ట్జ్‌లో 256 శాంపిళ్ల బఫర్ అయిదు మిల్లీసెకన్ల పైచిలుకు, 1024 అయితే 21 మిల్లీసెకన్లు. రెండో దానిలో మృదంగం ప్యాడ్‌లు వాయించడం సాధ్యం కాదు. వాయించేటప్పుడు బఫర్ తగ్గించి, మిక్స్ చేసేటప్పుడు పెంచుకుంటారు.

రెండు యంత్రాలు ఒకే వేగంతో నడవడానికి మిడి క్లాక్ ప్రతి మాత్రకూ 24 సంకేతాలు పంపుతుంది. సినిమా పనిలో దృశ్యపు ఫ్రేములతో కలపడానికి మిడి టైమ్ కోడ్ వాడతారు. నేపథ్య సంగీతంలో తలుపు చప్పుడు దగ్గర తాళం పడాలంటే అంతకు ముందరి బార్ల వేగాన్ని టెంపో ట్రాకులో కాస్త సర్దితే చాలు, మిడి ట్రాకులన్నీ దాని వెంట నడుస్తాయి. బయటి మీటలు, ఫేడర్లు, ప్యాడ్‌లు కూడా మిడి కంట్రోలర్లే. 128 మెట్లు మాత్రమే ఉండటంతో ఫిల్టర్‌ను నెమ్మదిగా తిప్పినప్పుడు కొన్ని వాద్యాల్లో మెట్లు మెట్లుగా గరగర వినిపించడం ఈ పద్ధతికున్న పాత లోపం.

చూపు లేని సంగీతకారులకు మిడి చేసిన మేలు గురించి తక్కువమంది మాట్లాడతారు. ఆడియో తరంగాన్ని తెర మీద చూడాలి. మిడిని సంఖ్యల జాబితాగా చదవవచ్చు. రీపర్‌కు అనుబంధంగా ఉచితంగా దొరికే ఒసారా స్వరాల పేర్లు, స్థానాలు, వెలాసిటీ చదివి వినిపిస్తుంది. చూపు లేనివారు పూర్తి పాటలను ఒంటరిగా ప్రోగ్రామ్ చేసుకోగలుగుతున్నారు.

తెలుగు సంగీత రంగంలో

దక్షిణాది సినిమా సంగీతంలో సీక్వెన్సర్ వాడకానికి తొలి గుర్తుగా ఇళయరాజా సంగీతం చేసిన ‘పున్నగై మన్నన్’ చిత్రాన్ని (1986) చెబుతారు. తెలుగులో అది ‘డాన్స్ మాస్టర్’గా వచ్చింది. 1992లో ‘రోజా’ చిత్రం తర్వాత ఒక స్వరకర్త తన సొంత స్టూడియోలో పొరలు పొరలుగా ప్రోగ్రామ్ చేసి, ఆపైన గొంతు, వేణువు, వయొలిన్ రికార్డు చేసే పద్ధతి మద్రాసులో, ఆ వెంటనే హైదరాబాద్‌లో మామూలైంది. క్యాసెట్ల మీద, తర్వాత సీడీల మీద ‘కీబోర్డ్ ప్రోగ్రామింగ్’, ‘రిథమ్ ప్రోగ్రామింగ్’ అన్న పేర్లు కనిపించడం మొదలైంది. పెద్ద హాలులో యాభై మంది వాద్యకారులు ఒకేసారి వాయించే రికార్డింగ్‌లు తగ్గిపోయాయి. ఆ మార్పు ఎందరో వాద్యకారుల బతుకుతెరువును దెబ్బతీసింది, దాన్ని దాచి మిడి గొప్పతనం మాత్రమే చెప్పడం న్యాయం కాదు. అదే మార్పు వల్లే చిన్న పట్టణంలో ఒక గదిలో ల్యాప్‌టాప్, రెండు అష్టకాల కీబోర్డ్ పెట్టుకుని బోనాల పాటలు, బతుకమ్మ పాటలు, క్రైస్తవ గీతాలు చేసి విడుదల చేసే తరం వచ్చింది.

ఇప్పటికీ పెద్ద చిత్రాల్లో తీగవాద్యాల బృందంతో వాయించడానికి ముందు పాటంతా మిడిలోనే నమూనాగా కడతారు. దర్శకుడు దాన్ని విని ఒప్పుకున్నాక ఆ మిడి ఫైలు నుంచే స్వరలిపి తీస్తారు. అది చెన్నైలోని వాద్యకారులకైనా, విదేశాల్లోని ఆర్కెస్ట్రాకైనా వెళ్తుంది. మిడిలో స్వరాల పొడవులు నిర్లక్ష్యంగా వదిలేసి ఉంటే స్వరలిపి అరవై నాలుగో వంతు విశ్రాంతులతో నిండిపోయి ఎవరూ చదవలేని స్థితికి వస్తుంది. అందుకని లిపి కోసం ట్రాకును విడిగా నకలు తీసి పూర్తిగా క్వాంటైజ్ చేస్తారు, వినడానికి ఉంచినదాన్ని ముట్టుకోరు.

పెళ్లి ఆర్కెస్ట్రాల్లో, జాతర వేదికల మీద మిడి మరో వేషంలో ఉంటుంది. రోలాండ్ 1985లో తెచ్చిన మొదటి ఆక్టోప్యాడ్‌లో సొంత శబ్దాలు ఉండేవి కావు. ఎనిమిది ప్యాడ్‌ల మీద పడ్డ దెబ్బలను మిడిగా మార్చి వేరే యంత్రానికి పంపడమే దాని పని. తర్వాతి నమూనాల్లో శబ్దాలు లోపలే చేరాయి, డోలక్, తబలా, డ్రమ్స్ అన్నిటినీ ఒక్క మనిషి రెండు పుల్లలతో పలికించే ప్యాడ్ వాద్యకారుడు మన వేదికలకు తప్పనిసరి అయ్యాడు. యమహా భారతదేశం కోసం ప్రత్యేకంగా చేసిన పీఎస్‌ఆర్-ఐ కీబోర్డుల్లో తంబురా, తబలా, మన నడకలు ముందే పెట్టి ఉంటాయి. వాటిని యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు కలిపితే అవీ మిడి కీబోర్డులే. కొత్తది కొనలేని విద్యార్థికి ఇంట్లో ఉన్న ఆ కీబోర్డ్‌తోనే మొదలుపెట్టమని చెప్పవచ్చు, మెట్లకు వెలాసిటీ ఉందో లేదో చూసుకుంటే చాలు.

మిడి 2.0

మొదటి ప్రమాణం దాదాపు నలభై ఏళ్లు వెర్షన్ సంఖ్య మారకుండా నడిచింది. 2020లో మిడి 2.0 వెలువడింది. వెలాసిటీ 128 మెట్ల నుంచి 65,536కు పెరిగింది, కంట్రోలర్లకు 32 బిట్ల సూక్ష్మత వచ్చింది, 16 ఛానెళ్ల చోట 256 వచ్చాయి. వాద్యాలు తమ సామర్థ్యాలను ఒకదానికొకటి చెప్పుకుంటాయి; ఎదుటిది పాతదైతే మొదటి ప్రమాణంలోనే మాట్లాడతాయి. మన దృష్టిలో ముఖ్యమైనది స్వరానికి స్వరమే సొంతంగా శ్రుతి వంపును, కంట్రోలర్లను మోసుకెళ్లడం. ఎంపీఈ ఛానెళ్లను పంచి చేసిన పనిని ఇది మూలంలోనే చేస్తుంది. మ్యాక్‌ఓఎస్ 2020 నుంచి, లినక్స్ 2023లో వచ్చిన 6.5 కెర్నల్ నుంచి దీనికి మద్దతు ఇస్తున్నాయి. సాఫ్ట్‌వేర్ వాద్యాలు, ఎడిటర్లు నెమ్మదిగా వెంట వస్తున్నాయి. వీణ, నాదస్వరం శాంపిల్ వాద్యాలు తయారుచేసేవారు స్వరానికి విడి వంపును ఇప్పటి నుంచే స్వీకరించేలా వాటిని కట్టడం అవసరం.

భద్రపరచడం విషయంలో ఒక హెచ్చరిక మిగిలి ఉంది. 1988 నాటి పద్ధతిలో దాచిన మిడి ఫైలు ఈ రోజు ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా తెరుచుకుంటుంది. పదేళ్ల కిందటి ప్రాజెక్టు ఫైలు తెరిస్తే మాత్రం అందులోని వాద్యాల్లో కొన్ని ఇప్పటి కంప్యూటర్‌లో పనిచేయకపోవచ్చు. పాట పూర్తయ్యాక ప్రతి ట్రాకునూ ఆడియోగా ఒకసారి, స్టాండర్డ్ మిడి ఫైలుగా ఒకసారి విడివిడిగా తీసి, వాడిన వాద్యం పేరు, శ్రుతి, పిచ్ బెండ్ పరిధి ఫైలు పేరులోనే రాసిపెట్టుకోవాలి. పరిధి రాయకపోతే రెండు అర్ధస్వరాలకు గీసిన గమకం పన్నెండు అర్ధస్వరాల వాద్యంలో పలికినప్పుడు ఆరు రెట్లు ఊగుతుంది.